పాత డీజిల్ కారులో సింథటిక్, మామూలు ఆయిల్ కలిస్తే ఏమవుతుంది?

పదిహేనేళ్లు నిండిన డీజిల్ కారుకు ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకుని నడుపుకుంటున్నవారు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. మా ఇంట్లోనూ అలాంటి బండి ఒకటి ఉంది. ఫియట్ రూపొందించిన 1248 సీసీ మల్టీజెట్ ఇంజిన్‌తో వచ్చిన డీజిల్ స్విఫ్ట్ అది. ఇటువంటి బండ్లున్నవాళ్లు ఇద్దరు కలిస్తే మైలేజీ, బ్యాటరీ, టైర్ల ముచ్చట అయిపోయాక ఇంజిన్ ఆయిల్ ప్రస్తావన రాక మానదు. అందులోనూ ఒక ప్రశ్న మాత్రం ప్రతిసారీ వస్తుంది. సింథటిక్ ఆయిల్ ఉన్న ఇంజిన్‌లో మామూలు ఆయిల్ కలిపితే ఏమవుతుంది? గడ్డకడుతుందని ఒకరంటారు, ఇంజిన్ బోరుకొస్తుందని మరొకరంటారు, తన బాబాయి కొడుకు బండికి అలాగే అయిందని మూడో ఆయన సాక్ష్యం చెబుతాడు. ఆ బండిని చూసినవాళ్లు మాత్రం నాకు ఇంతవరకు తగల్లేదు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. రెండూ డీజిల్ ఇంజిన్లకు ఉద్దేశించినవై, రెండింటి గ్రేడూ ప్రమాణమూ మన బండికి తగినవైతే, వాటిని కలపడం వల్ల ఇంజిన్‌కు హాని జరగదు. ఎక్కువ డబ్బు పెట్టి కొన్న ఆయిల్ తన ఆధిక్యాన్ని కొంత పోగొట్టుకుంటుంది, అంతే. ఆ క్షణం నుంచి చాంబర్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఉన్నదాన్ని మామూలు ఆయిల్ కింద జమకట్టి, మామూలు ఆయిల్ గడువుకే మార్చేయాలి. ఈ రెండో మాటను చాలామంది పట్టించుకోరు. కలపకూడదని వాదించేవారూ, కలిపితే ఏమీ కాదని వాదించేవారూ కూడా దాన్ని వదిలేసి మిగతాదంతా మాట్లాడతారు.

సింథటిక్ అంటే ముడిచమురుతో సంబంధం లేని, ప్రయోగశాలలో పుట్టిన వేరే పదార్థమన్న అభిప్రాయం నుంచే సగం భయం పుడుతోంది. ఇంజిన్ ఆయిల్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా ఉండేది బేస్ ఆయిల్. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ, ఈ బేస్ ఆయిళ్లను ఐదు గ్రూపులుగా విభజించింది. మొదటి రెండు గ్రూపులూ మనం మామూలు ఆయిల్ లేదా మినరల్ ఆయిల్ అనుకునేవి. మూడో గ్రూపు కూడా ముడిచమురు నుంచి వచ్చేదే; కాకపోతే అధిక పీడనంలో హైడ్రోజన్‌తో చర్య జరిపి, అణువుల ఆకారాన్నే మార్చి, గంధకాన్ని దాదాపు పూర్తిగా తొలగించి, స్నిగ్ధతా సూచిక (వేడికి నూనె ఎంత తక్కువ పలచబడుతుందో చెప్పే అంకె) 120కి తగ్గకుండా తయారు చేస్తారు. నాలుగో గ్రూపు పాలీ ఆల్ఫా ఒలెఫిన్లు, అంటే ఇథిలీన్ వంటి చిన్న అణువుల నుంచి మెట్టుమెట్టుగా కట్టుకుంటూ వచ్చిన నూనెలు. ఎస్టర్లు మొదలైన మిగతావన్నీ ఐదో గ్రూపు. మూడో గ్రూపు ఆయిల్‌ను సింథటిక్ అని అమ్మవచ్చా అన్న విషయంపై అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల మధ్య పెద్ద వివాదమే నడిచింది. ప్రకటనల తగాదాలు తీర్చే అక్కడి సంస్థ 1999లో అమ్మవచ్చనే తేల్చింది. ఇప్పుడు దుకాణాల్లో సింథటిక్ అన్న ముద్రతో దొరికే డబ్బాల్లో చాలావాటికి ఆధారం ఈ మూడో గ్రూపు నూనే. మినరల్ ఆయిల్, మూడో గ్రూపు, నాలుగో గ్రూపు అన్నీ హైడ్రోకార్బన్లే కాబట్టి ఒకదానిలో ఒకటి ఏ పేచీ లేకుండా కలిసిపోతాయి. సెమీ సింథటిక్ పేరుతో కంపెనీలు అమ్మేదే ఈ కలిపిన నూనె. మనం ఇంట్లో కలిపితే గడ్డకట్టేది, కంపెనీ కలిపి డబ్బాలో పోస్తే కట్టకుండా ఉంటుందా?

ఇది కేవలం తర్కం కాదు. ఏపీఐ గుర్తు పొందాలంటే ఆయిల్ ఇతర ఇంజిన్ ఆయిళ్లతో కలిసిపోగలగాలి. అందుకోసం ప్రత్యేకంగా ఒక పరీక్ష ఉంది. పరీక్షించవలసిన ఆయిల్‌ను నిర్ణీతమైన కొన్ని నమూనా ఆయిళ్లతో విడివిడిగా కలిపి, వేడిచేసి, చల్లార్చి, విడిపోవడం గానీ మడ్డి దిగడం గానీ జరుగుతుందేమో చూస్తారు. రహదారి మీద ఏ బండివాడు ఏ డబ్బా కొని పోస్తాడో కంపెనీలకు తెలియదు గనుక ఈ నిబంధన అవసరమైంది.

అయితే భయానికి అసలు మూలమే లేదనడం కూడా న్యాయం కాదు. తొలినాళ్లలో పందెపు కార్లకు, విమానాల ఇంజిన్లకు ఆముదం వాడేవారు. పాలమూరు, నల్లగొండ మెట్ట భూముల్లో పండే ఆ ఆముదమే. లోహానికి గట్టిగా అంటుకుని వేడిని బాగా తట్టుకునేది కాబట్టి దానికి అంత గిరాకీ ఉండేది. కానీ ఆముదం మినరల్ ఆయిల్‌తో సరిగా కలవదు. అలాగే పాలీగ్లైకాల్ రకం సింథటిక్ నూనెల్లో చాలావరకు మినరల్ ఆయిల్‌తో కలవవు. కార్ల ఏసీ కంప్రెసర్లలో వాడేది ఆ కోవకు చెందినదే. ఇక 1970లలో కార్ల కోసం మార్కెట్‌లోకి వచ్చిన తొలి సింథటిక్ ఆయిళ్లు రబ్బరు సీళ్లను కుదించి లీకులు తెచ్చాయన్న పేరు మోశాయి. తరువాత వాటిలో కొంత ఎస్టర్ చేర్చి ఆ లోపాన్ని సరిదిద్దారు. ఈ మూడు సంగతులూ ఎక్కడో ఒకచోట కలగలిసి, చివరికి 'సింథటిక్‌లో ఏదీ కలపకూడదు' అన్న ఒక్క వాక్యంగా మన మెకానిక్ షెడ్ల దాకా చేరాయని నేననుకుంటాను.

బేస్ ఆయిల్ విషయం తేలిపోయాక మిగిలేది అందులో కలిపే రసాయనాల సంగతి. మసిని గడ్డకట్టనివ్వకుండా నూనెలోనే తేలుతూ ఉంచేవి, ఆమ్లాలను విరిచే కాల్షియం, మెగ్నీషియం లవణాలు, అరుగుదలను అడ్డుకునే జింకు సమ్మేళనం, వేడెక్కినా మరీ పలచబడకుండా చూసే పాలిమర్లు, నురుగు రానివ్వనివి ఇలా ఎన్నో ఉంటాయి. ప్రతి కంపెనీ వీటి పాళ్లను తన పద్ధతిలో తూకం వేసి, ఆ తూకం మీదే ఇంజిన్ పరీక్షలన్నీ నెగ్గుతుంది. రెండు కంపెనీల ఆయిళ్లను కలపడమంటే, ఇద్దరు వంటవాళ్లు ఎవరికి వారు ఉప్పూ పులుపూ సరిచూసుకున్న రెండు పులుసులను ఒకే గిన్నెలో పోయడం లాంటిది. తినడానికి పనికిరాకుండా పోదు గానీ, ఆ రుచికి ఇద్దరిలో ఎవరూ పూచీ పడరు. మిశ్రమానికి ఏ పరీక్షా జరగలేదు. కాబట్టి దాన్ని సింథటిక్ అని నమ్మి పదివేల కిలోమీటర్లకు పైగా తిప్పకూడదు. ఒకే కంపెనీ ఆయిల్‌తో టాపప్ చేస్తే మంచిదని చెప్పడానికి ఇంతకుమించిన కారణం లేదు.

ఇప్పుడు గ్రేడు. కలపడంలో అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడే. డబ్బా మీద ఉండే 5డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40 వంటి అంకెల్లో మొదటిది చలిలో నూనె ఎలా ప్రవర్తిస్తుందో చెబుతుంది. 15డబ్ల్యూ నూనెను ఇంజిన్ తిప్పగలదా లేదా అని పరీక్షించేది మైనస్ 20 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూను మైనస్ 30 దగ్గర. లంబసింగిలో చలి ఎంత ముదిరినా సున్నా దగ్గరే ఆగుతుంది కాబట్టి మన రాష్ట్రాల్లో ఈ మొదటి అంకె కోసం నిద్ర మానుకోనవసరం లేదు. రెండో అంకె వంద డిగ్రీల వేడి దగ్గర చిక్కదనం. 40 అంటే 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ లోపు, 30 అంటే 9.3 నుంచి 12.5 లోపు. రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కే పాత టర్బో డీజిల్‌కు ఈ రెండో అంకే ప్రాణం.

సింథటిక్ 5డబ్ల్యూ-40లో మినరల్ 15డబ్ల్యూ-40 కలిపితే వేడి మీద చిక్కదనం 40 పరిధి దాటి పోదు. ఎందుకంటే రెండూ అప్పటికే ఆ పరిధిలో ఉన్నాయి. చలిలో ప్రవర్తన మాత్రం రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. అదే 5డబ్ల్యూ-30లో 20డబ్ల్యూ-50ను సగానికి సగం కలిపితే వేడి మీద దాదాపు 40 గ్రేడు నూనె తయారవుతుంది. అది ప్రమాదం కాకపోవచ్చు గానీ, ఏ పాళ్లలో కలిపామో గుర్తు లేకపోతే చాంబర్‌లో ఏముందో చెప్పలేని స్థితి వస్తుంది. దీనికి తోడు 150 డిగ్రీల దగ్గర తీవ్రమైన ఒరిపిడిలో నూనె పొర ఎంత గట్టిగా నిలుస్తుందన్న కొలత ఒకటుంది. 15డబ్ల్యూ-40కు అది కనీసం 3.7 ఉండాలి, 5డబ్ల్యూ-40కు 3.5, మామూలు 30 గ్రేడుకు 2.9 సరిపోతుంది. యూరప్ వాహన తయారీదారుల సంఘమైన ఏసీఈఏ ప్రమాణం ఏ3/బీ4 అన్న ముద్ర ఉన్న 5డబ్ల్యూ-30 అయితే అది కూడా 3.5కు తగ్గకూడదు. అంటే రెండు డబ్బాల మీద ఒకే 5డబ్ల్యూ-30 అని ఉన్నా రెండూ ఒకటి కావు. పెట్రోల్ కార్ల మైలేజీ కోసం చేసిన పలచని 30, డీజిల్ కోసం చేసిన 30 వేరు. అరిగిన బేరింగులున్న పాత డీజిల్‌లో మొదటి రకాన్ని కలపడమే నాకు అన్నిటికంటే ఇష్టం లేని పని. అటువంటి కలయికలో సింథటిక్‌తో సింథటిక్ కలిసినా ఒప్పుకోను.

ఇదంతా కాగితం మీద కాకుండా రోడ్డు మీద ఎదురైన సందర్భం ఒకటి చెబుతాను. తిరుపతి వెళ్తూ ఒంగోలు దాటాక టీ కోసం 16వ నంబరు జాతీయ రహదారి పక్కన బంకు దగ్గర ఆగాం. టీ తాగి, ఇంజిన్ ఆపి పదిహేను నిమిషాలు గడిచాయి గదా అని బానెట్ ఎత్తి ఆయిల్ గేజ్ తీశాను. కడ్డీని గుడ్డతో తుడిచి, మళ్లీ చివరిదాకా దించి తీస్తే నూనె కింది గీతకు అంటీ అంటనట్టుగా ఉంది. ముందు రోజంతా ఎండలో గంటకు వంద కిలోమీటర్ల వేగంతో నడిచిన బండి కాబట్టి అది తాగిన లెక్క నాకు ఆశ్చర్యం కలిగించలేదు. లోపల ఉన్నది సింథటిక్ 5డబ్ల్యూ-40. బంకు కుర్రాడిని అడిగితే, "కార్లకు పోసేది అయిపోయింది సార్, లారీల ఆయిలే ఉంది" అని 15డబ్ల్యూ-40 డబ్బా చేతికిచ్చాడు. వెనక్కి తిప్పి చూస్తే ఏపీఐ సీఐ-4 ప్లస్ అన్న డీజిల్ ప్రమాణం ఉంది.

"బావా, లోపల సింథటిక్ ఉందన్నావు గదా, ఇప్పుడిది పోస్తే ఎట్లా?" అని మా బావమరిది డబ్బాకు చెయ్యి అడ్డం పెట్టాడు.

పోయకుండా నెల్లూరు దాకా వెళ్దామన్నది అతని ఉద్దేశం. ఆయిల్ కింది గీత దగ్గర ఉన్న టర్బో డీజిల్‌ను ఆ ఎండలో, ఆ వేగంలో నడపడం కంటే లారీ ఆయిల్ పోయడం వెయ్యి రెట్లు నయమని చెప్పి అర లీటరు పోశాను. ఈ ఇంజిన్‌లో టైమింగ్ చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ పనిచేసేది ఆయిల్ ప్రెషర్ మీదే. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగేది పలచని నూనె పొర మీదే. ఆ రెండింటికీ నూనె అందకపోతే జరిగే నష్టంతో పోలిస్తే, సింథటిక్ శుద్ధత చెడిందన్న బాధ లెక్కలోకే రాదు. మూడు లీటర్ల పైచిలుకు పట్టే చాంబర్‌లో అర లీటరు మినరల్ కలిసింది. తిరుపతి వెళ్లి వచ్చాం, బండి శబ్దంలో గానీ పొగలో గానీ తేడా లేదు. తరువాతి సర్వీసును మాత్రం పదివేల దాకా ఆపకుండా ముందుకు జరిపాను.

బంకుల్లో దొరికే లారీ ఆయిల్ అని తీసిపారేయకూడదని కూడా ఈ సందర్భంలోనే చెప్పాలి. ఏపీఐ వర్గీకరణలో ఎస్‌తో మొదలయ్యేవి పెట్రోల్ ఇంజిన్లకు, సీతో మొదలయ్యేవి డీజిల్‌కు. సీఐ-4 ప్రమాణం 2002లో వచ్చింది. మసిని పట్టి ఉంచడంలో, ఆమ్లాలను విరచడంలో అది గట్టిది. పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ లేని పాత డీజిల్ కారుకు అత్యవసరంగా కలపడానికి అంతకంటే మంచిది దొరకడం కష్టం. దానికి బదులు ఎస్‌పీ అని మాత్రమే ఉన్న, సీ అక్షరంతో ఏ ప్రమాణమూ లేని ఖరీదైన పెట్రోల్ సింథటిక్‌ను దుకాణదారు సిఫార్సు చేశాడని పోస్తే, డబ్బు ఎక్కువా రక్షణ తక్కువా అవుతుంది. ధర చూసి ఆయిల్ యోగ్యతను నిర్ణయించే అలవాటు మనలో బాగా పాతుకుపోయింది.

మన ఇంధనం మారిన సంగతి కూడా ఈ లెక్కలో చేరుతుంది. 2010లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో బీఎస్-4 (భారత్ స్టేజ్ అనే కాలుష్య ప్రమాణాల్లో నాలుగోది) డీజిల్ వచ్చింది. అందులో గంధకం పది లక్షల భాగాలకు 50 భాగాలు. మిగతా చోట్ల అప్పటికి బీఎస్-3, అంటే 350 భాగాలు. దేశమంతటా బీఎస్-4 వచ్చింది 2017లో, పది భాగాలకు మించని బీఎస్-6 వచ్చింది 2020 ఏప్రిల్ 1న. గంధకం కాలితే ఆమ్లం తయారవుతుంది, ఆ ఆమ్లాన్ని విరవడానికే ఆయిల్‌లో క్షార లవణాలు వేస్తారు. మన పాత బండ్లు పుట్టిన నాటి డీజిల్‌తో పోలిస్తే ఇవాళ తాగుతున్నది ఎంతో శుభ్రమైన డీజిల్. కాబట్టి టాపప్‌లో క్షార శక్తి కొద్దిగా తగ్గినా పూర్వం ఉన్నంత ప్రమాదం లేదు. మసి విషయంలో మాత్రం ఇంధనం మారినా ఒరిగేది తక్కువ. రింగులు అరిగి, మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనే వాయువులు చాంబర్‌లోకి దిగే పాత ఇంజిన్ తన మసిని తానే ఆయిల్‌లోకి పంపుకుంటుంది.

అందుకే కొత్త ఆయిల్ పోసిన వారంలోపే నల్లబడిందని గోల చేయనవసరం లేదు. డీజిల్ ఇంజిన్‌లో నల్లబడటమే ఆయిల్ పని. మసి అడుగున పేరుకోకుండా నూనెలో తేలుతున్నదని ఆ నలుపు చెబుతోంది. ఆ మసిని ఇంకా ఎంతకాలం మోయగలదో తెలుసుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. కాఫీ వడపోతకు వాడే కాగితం గానీ, మంచి బ్లాటింగ్ పేపర్ గానీ తీసుకుని, కింద ఏమీ తగలకుండా గ్లాసు అంచు మీద పరిచి, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు గేజ్ కడ్డీ చివరి నుంచి ఒక్క చుక్క దాని మీద వేయాలి. కొన్ని గంటలకు అది వలయాలుగా పరుచుకుంటుంది. మధ్యలో ముదురు మచ్చ, దాని చుట్టూ క్రమంగా పలచబడే బూడిద రంగు, అంచున లేత పసుపు నూనె వలయం కనబడితే ఆయిల్ ఇంకా పనిలో ఉన్నట్టే. మధ్య మచ్చ తారులా నల్లగా, అంచు కత్తితో గీసినట్టుగా ఆగిపోయి, చుట్టూ బూడిద రంగు లేకపోతే మసిని మోసే శక్తి అయిపోయిందని అర్థం. వెలుపల నీళ్లలాంటి వలయం మరీ వెడల్పుగా ఉంటే డీజిల్ కలుస్తోందేమోనని ఇంజెక్టర్ల వైపు చూడాలి. లారీ ఆయిల్ కలిపిన తరువాత నేను ఈ పరీక్ష చేశాను. బూడిద రంగు వలయం మునుపటిలాగే వెడల్పుగా వచ్చింది. ప్రయోగశాల నివేదికతో ఇది సాటి రాదు గానీ, కళ్లు మూసుకుని కిలోమీటర్లు లెక్కపెట్టడం కంటే మేలు.

కలపడం వేరు, మొదటి నుంచి మినరల్ మీద నడిచిన పాత ఇంజిన్‌ను ఒక్కసారిగా సింథటిక్‌కు మార్చడం వేరు. ఈ రెండో విషయంలో నాకు కొంత సందేహం ఉంది. మా వీధిలో రెండు లక్షల కిలోమీటర్లు దాటిన ఒక పాత డీజిల్ కారుకు, టర్బో కూడా లేని ఇంజిన్‌కు, దాని యజమాని ప్రేమకొద్దీ ఖరీదైన సింథటిక్ పోయించాడు. నెల తిరక్కుండా ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర తడి కనిపించింది. సింథటిక్ వచ్చి సీలును తినేసిందని షెడ్డులో తీర్పు చెప్పారు. జరిగింది అది కాదని నా అభిప్రాయం. ఆ ప్యాకింగ్ ఎప్పుడో గట్టిపడి పగిలింది. ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి ఆ పగులును పూడ్చి ఉంచింది. కొత్త ఆయిల్‌లోని శుభ్రపరిచే రసాయనాలు ఆ మడ్డిని కరిగించేసరికి దాగి ఉన్న పగులు బయటపడింది. ప్యాకింగ్ మార్చడంతో లీకు ఆగింది. అయినా, ఆ రకం పాత ఇంజిన్‌కు మంచి 15డబ్ల్యూ-40 మినరల్ ఆయిలే వేసి, ఐదారు వేల కిలోమీటర్లకు తప్పకుండా మార్చుకోవడం నయం. ఆ ఇంజిన్‌కు సింథటిక్ ఇవ్వగలిగే లాభం పెట్టిన ఖర్చుకు తగదు.

టర్బో ఉన్న ఇంజిన్ సంగతి వేరు. హైవే మీద చాలాసేపు పరుగెత్తి వెంటనే తాళం తిప్పేస్తే, ఎర్రగా కాగిన టర్బోలో నిలిచిపోయిన నూనె మాడి బొగ్గు పొరగా మారుతుంది. వేడికి మాడకుండా నిలబడే గుణం సింథటిక్‌కు ఎక్కువ. అందులో మినరల్ కలిపినంత మేరకు ఆ గుణం తగ్గుతుంది. కాబట్టి కలిపిన రోజుల్లో బండి ఆపేముందు ఒకటి రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచడం అదనపు జాగ్రత్త. మామూలు రోజుల్లోనూ అది మంచి అలవాటే.

కలపనే కలపకూడదని పట్టుబట్టేవారు గమనించని ఒక సంగతుంది. డ్రెయిన్ బోల్టు విప్పి ఎంతసేపు వదిలినా పాత ఆయిల్ మొత్తం దిగదు. ఆయిల్ కూలర్‌లో, టర్బో గొట్టాల్లో, హెడ్డులోని గుంటల్లో కొంత మిగిలే ఉంటుంది. మినరల్ నుంచి సింథటిక్‌కు మారినా, ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మారినా ఆ మిగిలిన దానితో కొత్తది కలుస్తూనే ఉంది. నిజంగా గడ్డకట్టే గుణమే ఉంటే సర్వీస్ సెంటర్ల ముందు బండ్లు బారులు తీరేవి. ఇదే భయం చూపించి, ఇంజిన్‌ను లోపలి నుంచి కడిగే ఫ్లషింగ్ చేయించమని కొందరు ఒత్తిడి చేస్తారు. మడ్డి పేరుకున్న పాత ఇంజిన్‌లో ఫ్లషింగ్ ద్రవం పోస్తే ఒక్కసారిగా ఊడిన పెళ్లలు ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడే అవకాశం ఉంది. నేనైతే ఎప్పుడూ ఒప్పుకోను. ఆయిల్ ఫిల్టర్ మార్చి, మొదటిసారి గడువును సగానికి తగ్గించి మార్చేస్తే అదే పని నెమ్మదిగా, క్షేమంగా జరుగుతుంది.

ఇంజిన్ ఆయిల్‌లో తెల్లగా మీగడలాంటి పదార్థం కనిపిస్తే దానికి కారణం సింథటిక్ కాదు, నీళ్లు. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ కలిసినప్పుడు, లేదా రోజూ రెండు కిలోమీటర్లకు మించి తిరగని బండిలో ఆవిరి చల్లబడి చేరినప్పుడు అలా అవుతుంది. 'గడ్డకట్టింది' అని చెప్పుకునే కథల్లో చాలావాటి వెనుక ఇదే ఉండి ఉంటుందని నా అనుమానం.

టాపప్ చేసేటప్పుడు రకం కంటే కొలత ముఖ్యం. చాలా కార్లలో గేజ్ మీద రెండు గీతల మధ్య దూరం సుమారు ఒక లీటరు. కింది గీత దగ్గర ఉందని చెప్పి డబ్బా అంతా ఒంపేయకుండా, పావు లీటరు చొప్పున పోస్తూ, ఐదు నిమిషాలు ఆగి చూస్తూ, పై గీతకు కొంచెం తక్కువలో ఆపాలి. పై గీత దాటితే క్రాంకు నూనెను చిలికి నురుగు చేస్తుంది, నురుగు, చాంబర్‌లోని వాయువులను బయటికి పంపే బ్రీదర్ గొట్టం ద్వారా గాలి దారిలోకి పోతుంది. డీజిల్ ఇంజిన్‌కు ఆ నూనె కూడా ఇంధనమే. టర్బో సీలు అరిగిన పాత బండిలో ఇది ముదిరితే, తాళం తీసేసినా ఇంజిన్ తన ఆయిల్‌ను తానే తాగుతూ, దట్టమైన పొగ వదులుతూ, వేగం పెంచుకుంటూ ఆగకుండా తిరిగే దశ వస్తుంది. గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ వదిలితే గానీ, గాలి దారి మూస్తే గానీ అది ఆగదు. ఎక్కువ ఆయిల్ పోయడానికి భయపడవలసినంతగా రెండు రకాలు కలపడానికి భయపడవలసిన పనిలేదు.

బండి తాగే ఆయిల్ లెక్కను కూడా రాసి పెట్టుకోవాలి. కొన్ని కార్ల మాన్యువళ్లు వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు, కొన్ని లీటరు వరకు కూడా సాధారణమే అంటాయి. అంత ఉదారమైన అంకె పక్కన పెట్టినా, పాత డీజిల్‌కు కొంత టాపప్ తప్పదు. మొన్నటి కంటే నిన్న ఎక్కువ తాగుతోందా అన్నదే చూడాలి. అలా పెరుగుతుంటే, వెలుపల లీకు లేకపోతే, పొగ నీలంగా ఉంటే, రింగులో వాల్వ్ సీళ్లో టర్బోనో తేల్చుకోవాలి. చిక్కటి 20డబ్ల్యూ-50 పోసి దాన్ని కప్పిపుచ్చడం అమ్మకానికి పెట్టిన బండి మీద చేసే పని.

ఇప్పటిదాకా రాసినదంతా డీపీఎఫ్ లేని పాత బండ్లకే వర్తిస్తుంది. 2020 తరువాతి బీఎస్-6 డీజిల్ కార్లలో పొగ గొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆయిల్‌లోని లోహ లవణాలు కాలగా మిగిలే బూడిద అందులో చేరితే మళ్లీ పోదు. వాటికి బూడిద తక్కువ మిగిల్చే ఏసీఈఏ సీ తరగతి వంటి ఆయిళ్లే వాడాలి. మన పాత బండికి ధైర్యంగా కలిపిన సీఐ-4 లారీ ఆయిల్‌ను పక్కింటివారి కొత్త డీజిల్‌లో కలపమని సలహా ఇవ్వకూడదు.

నేను ప్రస్తుతం ఏ3/బీ4 ముద్ర ఉన్న సింథటిక్ 5డబ్ల్యూ-40 వాడుతున్నాను. సర్వీసు రోజునే అదే రకం లీటరు డబ్బా ఒకటి అదనంగా కొని డిక్కీలో స్టెప్నీ పక్కన పెడతాను. టాపప్‌కు అది అందుబాటులో ఉంటే ఈ చర్చే అవసరం పడదు. అది అయిపోయి దారిలో వేరే ఆయిల్ కలపవలసి వస్తే, ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ గ్రేడు, ఎంత పోశానో ఒక చీటీ మీద రాసి బానెట్ లోపలి వైపు అంటిస్తాను. ఆ తరువాత మెకానిక్ మారినా, బండిని మా తమ్ముడు తీసుకెళ్లినా, ఏడు వేల కిలోమీటర్లకే ఆయిల్ మార్చాలన్న సంగతి బానెట్ ఎత్తినవాడికి కనిపిస్తుంది.